హన్మకొండ చేరని సీసా

రెండువేల ఇరవై రెండు, ఆగస్టు పదకొండు. రాఖీ పున్నమి. ఆ రోజు యాకయ్య తిన్నది అక్క మణెమ్మ భూపాలపల్లి నుంచి డబ్బాలో పెట్టుకొచ్చిన సర్వపిండి, దాని మీదికి ఇంత పెరుగు. తెల్లారితే ఆపరేషన్ కాబట్టి రాత్రి మంచినీళ్ళు కూడా ముట్టొద్దని నర్సింగ్ హోమ్‌లో చెప్పారు. అందుకని పొద్దుండగానే తిన్నాడు. సర్వపిండి అడుగు కాస్త మాడింది. మాడిన అడుగే తమ్ముడికి ఇష్టమని మణెమ్మకు తెలుసు. ఆ తర్వాత ఏ ఆసుపత్రిలో "మొదటి ఆపరేషన్ ఎప్పుడయింది?" అని అడిగినా అతనికి ముందు ఆ మాడు రుచి గుర్తొచ్చేది, తేదీ తర్వాత వచ్చేది.

యాకయ్య జనగామలో ఆర్టీసీ కండక్టరు. డిగ్రీ చదివి, ఏవేవో పరీక్షలు రాసి, చివరికి టికెట్లు కొట్టే పనిలో కుదురుకున్నాడు. చిల్లర లేదని ఎవరినీ కసురుకోడు. ముసలివాళ్ళు ఎక్కేదాకా రైట్ అనడు. భార్య శోభ జ్వరంతో పోయి అప్పటికి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. కిరాయింట్లో ఒక్కడే వండుకుని తినేవాడు.

ఎడమ గజ్జలో గడ్డ ఎప్పుడు మొదలైందో అతనికే సరిగ్గా తెలియదు. నొప్పి లేదు. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలితే చెయ్యి తీసేసేవాడు. శోభ ఉంటే మొదటి నెలలోనే చూసేది, చూసి రెండోరోజుకే దవాఖానకు ఈడ్చుకుపోయేది. ఒంటరి మగవాడి ఒంటిని పట్టించుకునేదెవరు? చివరికి పట్టించుకున్నది డ్రైవరు హన్మంత్.

"ఏంది యాకన్నా, ముంగట రెండు సంచులు మోస్తున్నవ్? ఒకదాంట్ల చిల్లర, ఇంకోదాంట్ల ఏందే?" అన్నాడు అతను ఒకరోజు, నిండు బస్సులో అందరికీ వినిపించేలా.

ముందు సీట్లో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. యాకయ్య కూడా నవ్వాడు. మరునాటి నుంచి తోలుసంచి పట్టీని వదులు చేసి, సంచిని కిందికి జార్చి వేసుకున్నాడు. కొన్నాళ్ళకు సంచి అడ్డం పెట్టినా దాగనంత అయింది. అప్పుడు పోయాడు డాక్టరు దగ్గరికి.

"పేగు జారింది. హెర్నియా. చిన్న ఆపరేషన్" అన్నాడు జనగామ డాక్టరు. పేరున్న డాక్టరే. రోజుకు అలాంటివి చాలా చూస్తాడు. చూసిన ప్రతిదీ అదే అనిపించేటన్ని చూస్తాడు.

మణెమ్మ రాఖీ కట్టిన సాయంత్రమే తిరిగి పోవలసి వచ్చింది, అత్తకు పక్షవాతం కాబట్టి. తోడుకు తండ్రి సాయిలు వచ్చాడు. కొత్తగూడ దారిలో, అడవిని ఆనుకున్న పల్లె అతనిది. డెబ్బై దాటిన మనిషి. భుజాన తువ్వాల, చేతిలో సద్ది గిన్నె. ఆపరేషన్ గది బయట నేల మీద కూచుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు.

కోసి చూస్తే జారిన పేగు లేదట. పసుపుపచ్చ గడ్డ ఒకటి ఉంటే డాక్టరు తీసేశాడు. "కొవ్వు గడ్డ. తీసేసినం, ఇంక రంది లేదు" అని చెప్పి ఇంకో గదిలోకి పోయాడు. నడుము కింద మొద్దుబారి, పైన మత్తుగా ఉన్న యాకయ్య ఆ మాట విని కళ్ళు మూసుకున్నాడు. గడ్డ ఏమైందని అతను అడగలేదు. కుట్లు విప్పే రోజు డాక్టరు లేడు. కాంపౌండరే విప్పాడు. యాకయ్య డ్యూటీలో చేరి, సంచిని మళ్ళీ ఎప్పటి ఎత్తుకు కట్టుకున్నాడు.

మళ్ళీ అదే చోట గట్టిగా తగిలింది మూడో వానకాలం దాటాక. ఈసారి కూడా కొన్నాళ్ళు ఊరుకున్నాడు. కొవ్వే కదా, కొవ్వు మళ్ళీ పడుతుందేమో అనుకున్నాడు. వేసవి మొదట్లో తండ్రిని చూడబోయినప్పుడు మహబూబాబాద్ స్టేషన్ మెట్ల మీద కాలు లాగి కూలబడ్డాడు. పక్కనున్న ఆటో అతను సర్కారు దవాఖానలో దింపి, కిరాయి అడగకుండా వెళ్ళిపోయాడు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు. ఇంకా గడ్డం సరిగ్గా రాలేదు. "దగ్గండి" అన్నాడు. యాకయ్య దగ్గాడు. "ఇంకోసారి." పేగు అయితే దగ్గినప్పుడు వేలికి తన్నాలట, ఇది కదల్లేదు. తర్వాత గది చీకటి చేసి, వెనక నుంచి టార్చి పెట్టి చూశాడు. నీళ్ళ బుడ్డ అయితే వెలుతురు ఎర్రగా ఇవతలికి వస్తుందట. రాలేదు. అతను లైటు వేసి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"అంకుల్, ఇది హెర్నియా కాదు. మీరు ఇక్కడ టైమ్ వేస్ట్ చేయొద్దు. హైదరాబాద్ పోండి. రేపే పోండి" అన్నాడు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు ఆడమనిషి. పేరు మనోరమ. ఆమె ముందు బట్టలు విప్పాలంటే యాకయ్యకు చేతులు రాలేదు. నర్సు గ్రేస్ తెర లాగి, నడుము మీద దుప్పటి మడిచి కప్పి, కావలసినంత మేరకే పక్కకు జరిపింది.

"అన్నా, నువ్వు గా గోడ మీది క్యాలెండర్ దిక్కు జూడు. పండుగలెన్నున్నయో లెక్కపెట్టు. అయిపోతది" అంది.

అతను లెక్కపెట్టాడు. ఉగాది దాటకముందే అయిపోయింది. ఆ పిల్ల చేసిన మేలు అతను చాలా రోజులు తలుచుకున్నాడు.

సూదితో చిన్న ముక్క తీశారు. స్కాన్లు తీశారు. వారం తిరిగాక డాక్టర్ మనోరమ కుర్చీని దగ్గరికి జరుపుకుని కూచుంది.

"వృషణానికి పైనుంచి ఒక తాడు వస్తుందండీ. నరాలు, రక్తనాళాలు అన్నీ అందులోనే ఉంటాయి. మీకు ఆ తాడు చుట్టూ ఉన్న కొవ్వులో క్యాన్సర్ పుట్టింది. సార్కోమా అంటాం. చాలా అరుదు. మా దగ్గరే ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. హెర్నియా అనుకుని కోయడం ఎవరికైనా జరిగేదే. కోశాక తీసిన గడ్డను పరీక్షకు పంపాలి. ఆ రిపోర్టు ఏది?"

"తెల్వదు మేడం. కొవ్వు అని చెప్పిన్రు."

"ఎక్కడో ఒక ల్యాబుకు పంపే ఉంటారు. వాళ్ళు ఆ ముక్కను మైనంలో పోసి దాస్తారు. ఏళ్ళు గడిచినా పాడవదు. దొరికితే తెండి. అప్పుడు ఎంత మెతకగా ఉండేది, ఎంత తొందరగా ముదిరింది అన్నది తెలుస్తుంది. మందు విషయంలో నాకు పనికొస్తుంది." ఆమె స్కాన్ కాగితాలు ముందుకు తీసింది. "ఆపరేషన్ మాత్రం తప్పదు. ఎడమ వైపు వృషణంతో సహా, చుట్టూ కండ కూడా కొంత తీయాలి. తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. ఊపిరితిత్తుల్లో చిన్న చుక్కలు కనిపిస్తున్నాయి. వాటి గురించి ఇప్పుడే ఏమీ అనలేను."

యాకయ్య అడిగాడు. "అప్పుడే తెలిసుంటే మేడం?"

ఆమె చూపు తిప్పుకోలేదు. "అప్పుడే తెలిసుంటే వెంటనే మళ్ళీ కోసి శుభ్రంగా తీసేవాళ్ళం. చాలామందికి అంతటితో పోతుంది."

ఆమె అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆ గౌరవం మింగుడుపడలేదు.

జనగామ నర్సింగ్ హోమ్‌లో ఆ డాక్టరు ఇప్పుడు లేడు, వేరే ఊరు వెళ్ళిపోయాడు. కాంపౌండరు ఉన్నాడు. యాకయ్యను చూసి గుర్తుపట్టాడు.

"ముక్కనా? సీసల మందునీళ్ళు పోసి, అండ్ల ఏసి, మూత బిగిచ్చి మీ బాపు చేతికే ఇచ్చిన అన్నా. హన్మకొండ ల్యాబుల ఇయ్యాలె అని జెప్పి, బస్సు గూడ నేనే ఎక్కిచ్చిన. అందరికీ గట్లనే ఇస్తం. పేషెంట్ మనుషులే తీస్కపోతరు."

"మరి రిపోర్టు రాలేదని మీరెవరు అడగలేదా?"

"నువ్వడిగినవా అన్నా?"

కాంపౌండరు ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. యాకయ్య బయటికి వచ్చి బస్టాండులో నిలబడితే హన్మకొండ బస్సులు ఒకటి తర్వాత ఒకటి పోతూనే ఉన్నాయి. తనే ఎన్నిసార్లు ఆ దారిలో టికెట్లు కొట్టాడో. ఆ రోజు తండ్రి ఎక్కిన బస్సుకు కండక్టరు ఎవరో అని ఒక పనికిమాలిన ఆలోచన వచ్చి, చాలాసేపు పోలేదు.

తిన్నగా తండ్రి దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక, ముందు భూపాలపల్లి పోయాడు. మణెమ్మ వాకిట్లో బొగ్గు దుమ్ము ఊడుస్తోంది. ఆ ఊళ్ళో పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి మళ్ళీ నల్లబడుతుంది.

"గట్ల ఎండుకపోయినవేందిరా తమ్మీ? అన్నం తింటున్నవా, టికెట్లు తింటున్నవా?"

"అక్కా, గడ్డ మల్ల లేచింది."

"ఏడ?"

"తొడ పైన."

"తొడ పైన అంటే ఏడరా? సరిగ్గ జెప్పు."

మణెమ్మ చీపురు వదిలేసి తమ్ముడి మొహం చూసింది. "నీ ముడ్డి కడిగి పెంచిన దాన్నిరా నేను. నా ముంగట సిగ్గేందిరా?" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను అంతా చెప్పాడు. చుక్కల సంగతి కూడా చెప్పాడు. సీసా సంగతి చెప్పగానే ఆమె ఏడుపు ఆగిపోయింది.

"అంటే బాపు దగ్గర ఉన్నదా గా ముక్క?"

"ఏమో. ల్యాబుల ఇచ్చిండేమో. అడగాలె."

"పద. నేను గూడ వస్త."

ఇద్దరూ పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. సాయిలు పశువులకు నీళ్ళు పెడుతున్నాడు. కొడుకును, బిడ్డను ఒక్కసారే చూసి అతని మొహం విప్పారింది.

"ఏంది, ఇద్దరు కూడబలుక్కొని వచ్చిన్రు? భూములు పంచుమంటరా ఏంది? ఉన్నదే ఎకరం చెలక."

యాకయ్య చేతులు కడుక్కుని, గడంచె మీద కూచుని, వీలైనంత మామూలుగా అడిగాడు. "బాపూ, నాకు జనగామల ఆపరేషన్ అయినప్పుడు ఒక సీస ఇచ్చిన్రట గదా నీకు. ఏ ల్యాబుల ఇచ్చినవ్?"

సాయిలు తడబడలేదు. ఎప్పుడో అడగవలసినది ఇప్పటికి అడిగారన్నట్టు లేచాడు. "రా, చూపిస్త" అన్నాడు.

ఇంటి వెనక చెలక. చెలక గట్టున ఇప్పచెట్టు కింద తల్లి సమాధి ఉంది. మట్టి దిబ్బ, చుట్టూ పేర్చిన రాళ్ళు. ఆమె కాళ్ళ వైపు, గజం దూరంలో, ఇంకో చిన్న రాయి ఉంది. దాని మీద పసుపు మరకలు. రాయి చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉంది.

"గిక్కడున్నది" అన్నాడు సాయిలు.

అతనే చెప్పుకుపోయాడు.

"హన్మకొండల దిగి ఒక చాయ్ హోటల్‌ల అడిగిన, గీ ల్యాబుల ఏం జేస్తరే అని. ఉల్లిగడ్డ కోసినట్టు సన్నగ కోసి అద్దం మీద పెట్టి చూస్తరట, మిగిలింది మోరీల పారేస్తరట. నాకు మనసొప్పలె బిడ్డా. బతికున్న మనిషి ఒంట్ల ముక్క. కాలు తీసినా వేలు తీసినా మనం మట్టిల పెడ్తం గని మోరీల ఏస్తమా? మా తాత కాలు తీస్తే ఊరంత వచ్చి పెట్టిరి. డాక్టర్ సారేమొ ఉత్త కొవ్వే, రంది లేదన్నడు. రంది లేనిదానికి కోసుడెందుకు అని మల్ల బస్సెక్కిన. మీ అవ్వ కాళ్ళకాడ పెట్టి, నీ కొడుకును నువ్వే జూస్కో అని అప్పజెప్పిన. కుక్కలు తియ్యకుంట మొల లోతు తవ్విన. చూసినవా, అప్పటి సంది దేవుని దయతోని నువ్వు మంచిగున్నవ్."

మణెమ్మ ముందుకు వచ్చింది. ఆమె గొంతులో ఒక్కసారిగా ఆశ వినిపించింది. "బాపూ, సీసతోనె పెట్టినవా? మూత తియ్యకుంట పెట్టినవా?"

డాక్టరమ్మ చెప్పిన మైనం సంగతి తమ్ముడు ముందే ఆమెకు చెప్పి ఉన్నాడు. మందునీళ్ళలో ఉంటే ఇంకా ఏదైనా మిగిలి ఉంటుందేమోనని యాకయ్యకూ అదే క్షణంలో తట్టింది.

"సీస ఎందుకే? ఆ నీళ్ళకు కండ్లు మండినయ్. నా కొడుకు మాంసం గా మందుల ఎందుకు మగ్గాలె అని బాయి నీళ్ళతోని కడిగిన. మీ అవ్వ చీర చింపి అండ్ల చుట్టి పెట్టిన. సీస పారేసిన."

మణెమ్మ అక్కడే కూలబడింది. ఆమె నోరు తెరవబోవడం యాకయ్య చూశాడు. ఆ నోట్లో ఏమున్నదో కూడా తెలుసు. ముందే అందుకున్నాడు.

"మంచి పని చేసినవ్ బాపూ" అన్నాడు.

సాయిలు తల ఊపాడు. రాయి మీద పడిన ఇప్పాకును తీసేశాడు. "ఎందుకడిగినవ్?"

"ఊకనే. ఇంకో చిన్న ఆపరేషన్ ఉన్నది. పాతది ఏమైందని అడిగిన్రు."

ఇంట్లోకి వచ్చాక మణెమ్మ వంటింట్లో తమ్ముణ్ణి మూలకు నెట్టి గొంతు తగ్గించి తగులుకుంది. "మంచి పనా? నీ పానం తీసుకపోయి మట్టిల పెట్టిండురా గా ముసలోడు. చెప్పవా? తెల్వద్దా ఆయనకు?"

"తెలిస్తే ఏమైతది అక్కా? చుక్కలు పోతయా?"

"పోవు. కని నువ్వొక్కనివే ఎందుకు మొయ్యాలె?"

"ఆయన చేతికిచ్చినోడు ఎందుకో చెప్పలె. కొవ్వు అన్నోడు మల్ల అడగలె. నేను డిగ్రీ చదివి రిపోర్ట్ ఏదని అడగలె. ఇందరం ఉండంగ ఆయనొక్కని నెత్తిన పెడ్తమా? కడిగి, చీరల చుట్టి పెట్టిండు. మనం ఎవ్వలం గంత జూడలె దాన్ని."

మణెమ్మ పొయ్యి ముందు కూచుని మంట ఎగదోసింది. "నీ మంచితనమే నిన్ను తిన్నదిరా" అంది. కాసేపటికి "ఆకలైతున్నదా?" అని అడిగింది.

అన్నం ఉడికింది. సాయిలును పిలిస్తే పలకలేదు. గడంచె ఖాళీగా ఉంది. గోడకు ఆనించిన గడ్డపార లేదు.

యాకయ్య కాలు ఈడ్చుకుంటూ చెలక వైపు నడిచాడు. ఇంకా మసక వెలుతురు ఉంది. ఇప్పచెట్టు కింద తండ్రి మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. చిన్న రాయి పక్కకు దొర్లించి ఉంది. గుంత మోకాలి లోతుకు వచ్చింది. గడ్డపార వదిలేసి చేతులతో మట్టి తీస్తున్నాడు. తీసిన మట్టిని వేళ్ళ మధ్య నలిపి, చూసి, పక్కన పోస్తున్నాడు.

"బాపూ."

సాయిలు తల ఎత్తలేదు. "మీ అక్క మొఖం చూసిన. సీస సీస అని ఎందుకడిగింది? గా ముక్క దవాఖానోళ్ళకు గావాలె గదా? ఉన్నదేమో చూద్దాం. చీర పోగన్న దొరుకుతది."

"మూడు వానకాలాలు పోయినయ్ బాపూ. మట్టయిపోయింటది."

"నీకు క్యాన్సరా?"

ఆ మాట తండ్రికి తెలుసని కూడా యాకయ్యకు తెలియదు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. తండ్రి ఎదురుచూశాడు. గాలికి ఇప్పాకులు కదిలాయి. చెప్పవలసిన అబద్ధం రాలేదు.

"మందులున్నయ్" అన్నాడు చివరికి.

సాయిలు గుంతలోకి చూస్తూ ఉండిపోయాడు. "నేను ల్యాబుల ఇచ్చుంటే?"

"ఏమో బాపూ. అప్పుడు గూడ ఎట్లుండునో."

డాక్టర్ మనోరమ తనకు చెప్పిన నిజాన్ని తండ్రికి చెప్పలేకపోయాడు. సాయిలు నమ్మినట్టు లేడు. నమ్మినట్టు తల మాత్రం ఊపాడు. ఒకరి కోసం ఒకరు ఆ పాటి చేయగలిగారు.

యాకయ్య వంగి మట్టి గుంతలోకి నెట్టబోతే తండ్రి అతని చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు వంగకు" అని, తనే అంతా పూడ్చి, రాయిని యథాస్థానానికి దొర్లించాడు. లేవడానికి రెండు చేతులు కావలసి వచ్చాయి. ఒకటి గడ్డపార మీద, ఒకటి కొడుకు భుజం మీద.

ఇంటి దగ్గర మణెమ్మ ఇద్దరినీ చూసింది. అనవలసిన మాటలన్నీ పొయ్యిలోనే కాలిపోయినట్టున్నాయి. వేడినీళ్ళు తెచ్చి తండ్రి చేతులు తనే కడిగింది. గోళ్ళలో ఇరుక్కున్న మట్టిని చీపురుపుల్లతో తీసింది. అన్నం కలిపి పెడితే అతను రెండు ముద్దలు తిని, చాలన్నాడు.

లోపలి గదిలో పక్క వేశారు. సాయిలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. యాకయ్య దుప్పటి కప్పి వెనక్కి తిరుగుతుంటే గోడ వైపు నుంచే మాట వచ్చింది.

"ఈసారి తీసిన ముక్క ఎవలకిస్తరు?"

"ఎవలకియ్యరు బాపూ. వాళ్ళ ల్యాబు ఆన్నే ఉన్నది."

"మంచిది. వాళ్ళ కాడనే ఉండనీ. నేనడగ." మళ్ళీ తనే అన్నాడు. "కోసుకోనీ, ఎంత సన్నగ కోసుకుంటరో."

యాకయ్య గడప దగ్గర నిలబడి తండ్రి ఊపిరి కోసం విన్నాడు. నిద్రపోయిన ఊపిరి కాదది. నిద్రపోయినట్టు కొడుకు అనుకోవాలని తీస్తున్న ఊపిరి. అతను అలాగే అనుకున్నట్టు బయటికి వచ్చి, తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.